కిటికీ గట్టు మీద ఎండ

సోమవారం

ఊరికి నీళ్ళు ఆపేశారు. ఆపమన్నది నేనే కాబట్టి ఎవరినీ తిట్టుకునే వీలు కూడా లేదు.

ఎగువ తోటల్లో శనివారం పురుగుమందు కొట్టారు. ఆదివారం కుండపోత. ఆకుల మీద ఉండాల్సిన మందంతా వాగుల్లో పడి, బురదతో సహా మా రిజర్వాయరులోకి వచ్చి చేరింది. గట్టు వెంట చేపలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయని, శాంపిళ్ళు తెచ్చే నిదానం పడవలోంచే ఫోన్ చేశాడు. ఆ పేరు ఊరికే రాలేదు ఆయనకి. "నిదానమే ప్రధానం" అనకుండా గ్లాసు కూడా కిందపెట్టని మనిషి. అలాంటివాడు రొప్పుతూ మాట్లాడాడు.

ల్యాబ్‌లో పరీక్ష రెండుసార్లు చేశాను. ఉండొచ్చన్న హద్దుకి ఎన్నో రెట్లు ఉంది. మూడోసారి మొదలుపెడుతుంటే ఇంజనీరు గారు వచ్చి, "ఎన్నిసార్లు చేస్తే తగ్గుతుందమ్మా?" అన్నారు. వెటకారం కాదు. ఆయన మొహం కూడా పాలిపోయి ఉంది. గేట్లు మూయించారు.

సాయంత్రం డయాలసిస్ సెంటర్ నుంచి కబురు. ట్యాంకరు నీళ్ళతోనే అందరికీ సర్దాలట. కాబట్టి నాలుగు గంటలు మెషిన్ మీద ఉండేవాళ్ళకి ఇకమీదట రెండున్నరే. మా ఆయనకి కూడా.

చెబితే నవ్వారు. "రోజంతటికీ ఒక్క కప్పు నీళ్ళతో బతుకుతున్నాను కదా. ఇప్పుడు ఊరు ఊరంతా నా దారికొచ్చింది" అన్నారు.

బస్సు నడిపినన్నాళ్ళూ ఇదే వరస. టైరు పేలినా ముందు జోకు వేసి, తర్వాత దిగి చూసేవారట.

మంగళవారం

మబ్బు. అంకె తగ్గలేదు.

బుధవారం

వదిన దిగింది. రెండు సంచులు, ఎనిమిది ఖాళీ డబ్బాలు. నీళ్ళు లేని ఊరికి ఖాళీ డబ్బాలు మోసుకొచ్చిన మనిషిని ఈవిణ్ణే చూశాను.

తమ్ముడి పాదాలు చూసి, నా వైపు తిరిగింది. "అమ్మాయ్, వీడిలా ఉబ్బిపోతుంటే నువ్వు నీళ్ళాపుకుని కూర్చున్నావా?"

"ఆపకపోతే ఆ నీళ్ళే మెషిన్‌లోకి వెళ్తాయి వదినా. మనం తాగితే కడుపులోకి వెళ్తుంది. ఈయనకైతే పలచటి పొర అవతలే రక్తం. మెషిన్ గంటల తరబడి నీళ్ళు లాగుతుంది."

"అక్కడ ఫిల్టర్లు ఉంటాయన్నావుగా?"

"ఉన్నాయి. లోపలి బొగ్గు పాతదైపోయింది, మార్చాలని వాళ్ళే అంటున్నారు."

"మరిప్పుడు ఎలా?" అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఆవిడకి కూడా అర్థమైంది కాబోలు, డబ్బాలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆయన కుర్చీలోంచి అడిగారు. "ఆ మందు తనంతట తనే పోదా?"

"ఎండ పడితే పోతుంది. వెలుతురు తగిలితే అణువు విరిగిపోతుంది."

"పాలు విరిగినట్టా?"

"అలా కాదు. గాజులు విరిగినట్టు. పెద్దది ముక్కలవుతుంది."

"ఆ ముక్కలో?"

అవీ విరుగుతాయి అన్నాను. విరుగుతాయో లేదో నాకు నిజంగా తెలియదు. కొన్ని ముక్కలు అసలు మందు కంటే చెడ్డవి కావచ్చు. అందుకే పెద్ద ల్యాబ్‌కి శాంపిళ్ళు పంపాను, మా దగ్గరున్న గోధుమరంగు సీసాలన్నీ నింపి. అవి తిరిగి వచ్చేదాకా తెల్ల గాజు సీసాలతో సర్దుకోమని, వాటికి నల్ల కాగితం చుట్టమని నిదానానికి చెప్పాను.

గురువారం

మబ్బు. మబ్బు. మబ్బు. పుట్టి బుద్ధెరిగాక ఎండ కోసం ఇంతగా మొహం వాచిపోలేదు.

సెంటర్ నుంచి వచ్చాక కూడా ఆయన కాళ్ళ వాపు దిగలేదు. బొటనవేలితో నొక్కితే గుంట పడి, అది పూడటానికి బోలెడంత సేపు పడుతోంది. నొక్కవద్దని చెయ్యి తీసేశారు. "పిండి కలుపుతున్నావా?" అన్నారు.

శుక్రవారం

ఎండ!

తెల్లారేసరికి మబ్బు తుడిచిపెట్టినట్టు పోయింది. వదిన దుప్పట్లన్నీ తీగ మీద ఆరేసింది. నాకు రిజర్వాయరుని కూడా అలా పరిచి ఆరేయాలనిపించింది. ల్యాబ్‌కి నడుస్తుంటే వీపు చురుక్కుమంది. ఎంత హాయో.

మధ్యాహ్నం పరీక్ష. అంకె నిన్నటిలో సగం కూడా లేదు! ఇంజనీరు గారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన కిటికీలోంచి ఆకాశం చూసి, "మన స్టాఫ్‌లో వేళకి వచ్చి పనిచేసేది ఈయనొక్కడే" అన్నారు.

శనివారం

ఇంకా తగ్గింది.

ఆయనకి పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. అంకె తగ్గింది అని చెవిలో చెప్పాను. తలూపారు.

ఆదివారం

సెలవే, అయినా ల్యాబ్‌కి వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని వదిన గదమాయించింది.

నిదానం పొద్దున్నే తెచ్చిన సీసాలు ఎప్పట్లాగే కిటికీ గట్టు మీద వరసగా నిలబెట్టాడు. బురద అడుక్కి దిగితే గానీ వడకట్టలేం, వడపోత కాగితం పూడుకుపోతుంది. మా ల్యాబ్‌లో అందరిదీ అదే పద్ధతి. పొద్దున పెడితే భోజనాల వేళకి తేట పడతాయి. నేను టీ తాగుతూ అక్కడే నిలబడ్డాను. ఎండలో సీసాలు మెరుస్తున్నాయి, బురద మెల్లిగా దిగుతోంది, పైన నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది.

"ఏ మందూ లేనట్టే ఉన్నాయి కదమ్మా" అన్నాడు నిదానం.

"కంటికి కనపడదులెండి" అన్నాను. కానీ నాకూ అలాగే అనిపించింది.

సోమవారం

రిజర్వాయరు పై నీళ్ళలో, అడుగు నీళ్ళలో రెండింట్లోనూ అంకె ఒకేలా తగ్గుతోంది. మా గేటు నీళ్ళు లాగేది అడుగు నుంచే కాబట్టి ఇది మంచి వార్త.

అడుగున పట్టపగలే చీకటి. ఈ బురదలో ఎండ మోకాటి లోతు కూడా దిగదు. గాలికి పై నీళ్ళు కిందికి కలుస్తూ ఉంటాయి. అంతే అయి ఉంటుంది. గాలి బాగానే వీస్తోంది కదా.

గాలే.

మంగళవారం

నిదానం చేతిలోంచి ఒక తెల్ల సీసా జారి పగిలిపోయింది. బీరువా వెనక ఎప్పటిదో గోధుమరంగు సీసా దొరికితే అడుగు నీళ్ళు అందులో పట్టాడట. మిగతా సీసాలన్నిటిలో అంకె హద్దుకి దగ్గరగా వచ్చేసింది. దాంట్లో మాత్రం గేట్లు మూయించిన సోమవారం అంకెకి కాస్త తక్కువ, అంతే.

పాత సీసా. ఎవరు కడిగారో, లోపల ఏం పోసి ఉంచారో. లెక్కలో కలపలేదు.

"పాతవి వాడకండి" అని నిదానానికి చెప్పాను. "అలాగేనమ్మా" అన్నాడు.

సెంటర్‌లో ఈరోజు రెండున్నర కాదు, రెండు గంటలే. ట్యాంకరు ఆలస్యమైందట. తిరిగొచ్చేటప్పుడు మెట్ల మీద ఆయన మధ్యలో ఆగి, రెయిలింగ్ పట్టుకుని, జోకు వేయబోయి వేయలేకపోయారు. నోరు తెరిచి మూశారు.

పాత సీసానే.

బుధవారం

హద్దు కిందికి వచ్చింది. సంతకం పెట్టాను.

ఇంజనీరు గారు రెండు చేతులూ జోడించారు. ఊళ్ళో మైకు వ్యాను తిరిగింది: రేపు తెల్లవారు నుంచి నీళ్ళు వస్తాయి, తాగవచ్చు. వదిన వ్యాను వెనకే వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ ఒకసారి విని వచ్చింది.

"రేపు పూర్తి నాలుగు గంటలు" అని ఆయనకి చెప్పాను.

"నీ చేతి నీళ్ళు" అన్నారు.

గురువారం, పొద్దున

నిన్న హాయిగా నిద్ర పట్టింది. కుళాయి చప్పుడుకి మెలకువ వచ్చింది. వదిన ఎనిమిది డబ్బాలూ నింపేసి, చెంబు కోసం వెతుకుతోంది. తర్వాత ఆయన్ని తీసుకుని సెంటర్‌కి బయల్దేరింది. నేను ల్యాబ్‌కి.

గురువారం, సాయంత్రం

వరసగా రాయాలి. లేకపోతే నాకు నేనే వేరేలా చెప్పుకుంటాను.

ల్యాబ్‌కి వెళ్ళాను. నిదానం సీసాలు గట్టు మీద పెట్టి ఉన్నాయి. నా సంచి పెట్టుకోవడానికి ఒక సీసా పక్కకి జరిపాను. వెచ్చగా తగిలింది. స్నానం నీళ్ళంత వెచ్చగా.

అడుగు నీళ్ళు. చీకట్లోంచి చల్లగా తోడుకొచ్చినవి. వాటికి ఈ వెచ్చదనం ఎక్కడిది? ఎండది. రోజూ భోజనాల వేళ దాకా అవి ఎండలోనే ఉంటున్నాయి. మబ్బు ఉన్నన్నాళ్ళూ అంకె తగ్గలేదు. ఎండ వచ్చిన రోజే పడిపోయింది, ఎండ ముదిరేకొద్దీ ఇంకా పడింది. పై నీళ్ళలోనూ, అడుగు నీళ్ళలోనూ ఒకేలా. ఎందుకు పడదు, రెండూ ఒకే గట్టు మీద ఒకే ఎండలో ఉంటే!

గోధుమరంగు సీసా ఎందుకు గోధుమరంగులో ఉంటుంది? వెలుతురు లోపలికి రాకుండా. ఈ ముక్క నాకు తెలియనిదా? కొత్తగా చేరినవాళ్ళందరికీ చెప్పేది నేనే. నల్ల కాగితం చుట్టమన్నాను, చుట్టాడు. చుడితే బురద దిగిందో లేదో కనిపించడం లేదని తీసేశాడు. తీసేసిన సీసాల ముందే నిలబడి నేను టీ తాగాను.

ఒక్కటే సరైన సీసా వచ్చింది. దాన్నే పక్కన పెట్టాను.

ముందు ఇంజనీరు గారికి ఫోన్ చేయాలి. గేటు మూయమనాలి. ఊరంతా కుళాయిల కింద గ్లాసులు పెడుతున్న వేళ. ఫోన్ చేతిలోనే ఉంది. చేయలేదు. సెంటర్ రెండు వీధుల అవతల. పరిగెత్తాను.

హాల్లో అన్ని మంచాల మీదా మనుషులున్నారు. ఆయన చెయ్యి చాపుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. మొహంలో కాస్త రంగు వచ్చినట్టుంది. వదిన పక్కనే స్టూలు మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది.

"ఆపండి" అన్నాను.

టెక్నీషియన్ అమ్మాయి కంగారు పడింది. "ఏమైంది మేడమ్? ఇంకా సగం కూడా కాలేదు. సార్‌కి ఇవాళ చాలా నీరు తియ్యాలి."

"ఈ నీళ్ళు మంచివి కావు. ఆపండి" అంటూ ఆయన మెషిన్ వైపు వేలు చూపించాను.

ఆ అమ్మాయి హాలంతా చూసింది. "మరి వీళ్ళందరివీ?" అంది.

నాకు ఆ మాట తట్టనే లేదు. దేవుడా, తట్టనే లేదు.

అన్నీ ఆపారు. అప్పుడు చేశాను ఇంజనీరు గారికి ఫోన్. ఆయన ఒక్క మాట కూడా అడగలేదు. గేటు మూయించి, మైకు వ్యానులో తానే ఎక్కారు. "తాగకండి, పారబోయండి" అని ఆయన గొంతే వీధి వీధినా వినిపించింది. గొంతు బొంగురుపోయేదాకా తిరిగారు.

వదిన ఎనిమిది డబ్బాలూ పారబోసింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

శుక్రవారం

ఒకే బకెట్‌లోని అడుగు నీళ్ళు. పాత గోధుమరంగు సీసాని మళ్ళీ మళ్ళీ కడిగి నింపి బీరువాలో పెట్టాను. తెల్ల సీసా నింపి గట్టు మీద పెట్టాను. భోజనాల వేళ రెండూ పరీక్ష చేశాను.

బీరువాలోది హద్దుకి చాలా పైన. గట్టు మీదది హద్దు కింద.

ఎండ తన పని తాను చేసింది. రిజర్వాయరు అడుగున కాదు, మా కిటికీలో.

నిదానం తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నా వల్లే కదమ్మా" అన్నాడు. అవునని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "సీసాలు మీరు పెట్టారు. చూసి కూడా ఊరుకున్నది నేను" అన్నాను. ఆయన గట్టు మీది సీసాలన్నీ తీసి బీరువాలో పెట్టడం మొదలుపెట్టాడు.

ఇంజనీరు గారి గదికి వెళ్ళాను. ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. ఆయన తల ఎత్తకుండానే, "మీరు చెప్పారని తెరిచాను. మీరు చెప్పారని మూశాను. ఇప్పుడు మీ మాట మీద మళ్ళీ ఎలా తెరవాలో నాకు తెలియడం లేదు" అన్నారు. అరిచి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని.

శనివారం

ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. నా గొంతు వినగానే అక్కడి నర్సు "ఎవరూ రాలేదు మేడమ్" అని చెప్పి పెట్టేస్తోంది. సెంటర్‌లో వాళ్ళందరికీ రక్తపరీక్షలు చేశారు. ఫిల్టర్ బొగ్గు పాతదైనా చాలావరకు పట్టేసిందట. బాగానే ఉన్నారట.

ట్యాంకరు నీళ్ళు, మళ్ళీ రెండు గంటలు.

ఇంటికొచ్చాక ఆయన అడిగారు. "నిజం చెప్పు. ఆ సంతకం నా కోసం పెట్టావా?"

"కాదు" అన్నాను.

ఆయన కాళ్ళ కింద దిండు సర్దాను. కాసేపటికి నేనే, "ఏమో" అన్నాను.

"నువ్వు నా బస్సు ఎన్నిసార్లు ఎక్కావు?" అన్నారు. మధ్య మధ్యలో ఆగి ఆగి, ఊపిరి కూడదీసుకుంటూ. "నువ్వున్నావని ఏ రోజైనా ఎర్రలైటు దాటించానా? పెళ్ళానికి ఆలస్యమవుతోందని?"

జోకు కాదు. పెళ్ళయ్యాక ఈ మనిషి నాతో జోకు లేకుండా ఇంతసేపు మాట్లాడింది ఇదే.

"మీరు చావకూడదని..." అన్నాను. మాట పూర్తి కాలేదు. ఏడ్చాను. ఓదార్చలేదు ఆయన. చెయ్యి మాత్రం నా వైపు చాపారు, సూదులు గుచ్చే ఆ చెయ్యి. డయాలసిస్ కోసం కోసి కలిపిన నరం మీద వేళ్ళు పెడితే ఎప్పటిలాగే గుయ్యిమంటోంది.

ఆదివారం

ఆసుపత్రి. ఆక్సిజన్ పెట్టారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందట.

సోమవారం

పక్క ఊరి ట్యాంకరు ఒకటి ఇంజనీరు గారు సెంటర్‌కి తిప్పించారు. నేను అడగలేదు. మా ఆయనకి ఉన్నపళంగా మూడు గంటలు మెషిన్ పెట్టారు. ప్రస్తుతానికి గండం గడిచింది అన్నాడు డాక్టరు. "ప్రస్తుతానికి" అన్న మాట ఆయన మెల్లిగా అన్నాడు, నాకు అదొక్కటే గట్టిగా వినిపించింది.

మంగళవారం

పెద్ద ల్యాబ్ నుంచి గోధుమరంగు సీసాలు వచ్చాయి. ఇరవై. ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూశాను. ముక్కల సంగతి కూడా ఫోన్‌లో చెప్పారు. ఈ మందు విరిగితే వచ్చే ముక్కలు అసలుదానంత చెడ్డవి కావట, అవి కూడా ఎండకి పోతూ ఉంటాయట. మా ఆయనకి ఆ రోజు నోటికొచ్చింది చెప్పాను. నిజమే అయింది. అయినా నాకు సిగ్గుగానే ఉంది.

ఆ సీసాల్లోనే పడవ మీంచి నీళ్ళు తెచ్చాం. ఈసారి నేను కూడా ఎక్కాను. నల్లగుడ్డ కప్పిన పెట్టెలో పెట్టి తెచ్చాం. నేరుగా బీరువాలోకి. బురద దిగేది కూడా చీకట్లోనే.

పై నీళ్ళు హద్దుకి దగ్గరగా ఉన్నాయి. అడుగు నీళ్ళు ఇంకా చెడ్డగానే ఉన్నాయి. అంటే ఎండ రిజర్వాయరులో కూడా పనిచేస్తోంది. కాకపోతే తన చెయ్యి అందినంత లోతే.

ఇంజనీరు గారికి చెప్పాను. ఆయన, "పై గేటు ఒకటుంది" అన్నారు. "నేను ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి తెరవగా చూడలేదు."

బుధవారం

పై గేటు తుప్పు. నూనె పోశారు, సుత్తితో కొట్టారు. ఇంజనీరు గారు చొక్కా చేతులు మడిచి వాళ్ళతో పాటే చక్రం పట్టుకున్నారు. కదల్లేదు.

గురువారం

కదిలింది.

పై నీళ్ళు హద్దు కింద. గోధుమరంగు సీసాల్లో. అన్నిటిలో.

సంతకం పెట్టలేదు. మళ్ళీ తెమ్మన్నాను. నిదానం పడవ వైపు నడిచాడు.

శుక్రవారం, పొద్దున

మళ్ళీ హద్దు కిందే. ఇంకో మనిషితో, ఇంకో మెషిన్ మీద చేయించాలి అన్నాను. పెద్ద ల్యాబ్‌కి పంపితే జవాబుకి వారం. "వారమా?" అన్నారు ఇంజనీరు గారు, అంతే.

శుక్రవారం, సాయంత్రం

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. మంచం మీద నాలుగు దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాం. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి. ట్యాంకరు నీళ్ళతో ఇంకెన్నాళ్ళు లాగగలరో డాక్టరు చెప్పడం లేదు. నేను అడగడం లేదు.

వదిన నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "నీళ్ళు బాగున్నాయా లేదా?"

"అంకె బాగుంది."

"నేను అడిగింది అంకె సంగతి కాదు."

"పోయినసారి కూడా బాగుంది వదినా అంకె."

"పోయినసారి నీళ్ళు బాగుండాలని నువ్వు అనుకున్నావు, బాగున్నాయి. ఇప్పుడు బాగోలేవేమో అని భయపడి చచ్చిపోతున్నావు, అయినా బాగున్నాయి. తేడా లేదూ?" అని, నా సమాధానం కోసం ఆగకుండా పొయ్యి మీది గిన్నె దించడానికి వెళ్ళిపోయింది. డబ్బాలు మోసుకొచ్చిన రోజు ఈవిణ్ణి చూసి నవ్వుకున్నాను.

గదిలోకి వెళ్ళాను. ఆయన మెలకువగానే ఉన్నారు, అంతా విన్నారు. "నన్నేం అడక్కు" అన్నారు. "ప్యాసింజరుని డ్రైవరు అడగకూడదు."

ల్యాబ్‌కి తిరిగి వెళ్ళాను. నిదానం సాయంత్రం తెచ్చిన సీసాలతో పరీక్ష ఇంకోసారి చేశాను. కిటికీకి నిన్ననే నల్ల అట్టలు కొట్టించాం, లోపల లైటు వేసుకోవాల్సి వచ్చింది. హద్దు కిందే.

సంతకం పెట్టాను. అక్షరాలు నావిలా లేవు. ఇంజనీరు గారు ఆ కాగితాన్ని చూసి, "రేపు పొద్దున నేనూ ఈ నీళ్ళే తాగుతాను, నలుగురి ముందు" అన్నారు. నా మాట మీద కాదు, నాతో పాటు నిలబడటానికి అలా అన్నారని ఇంటికొచ్చే దారిలో అర్థమైంది.

శనివారం

సెంటర్. పై ట్యాంకు కుళాయి నీళ్ళతో నిండింది. బొగ్గు కూడా కొత్తది వేశారు.

ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాను. మంచం మీదికి ఎక్కించడానికి వదినా నేనూ ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. చెయ్యి చాపి, కళ్ళు పైకప్పు వైపు పెట్టారు. టెక్నీషియన్ అమ్మాయి గొట్టాలు సిద్ధం చేసింది, మెషిన్ శబ్దం మొదలైంది. సూది చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

చుట్టుపక్కల మంచాల మీద వాళ్ళు కూడా చేతులు చాపుకుని ఉన్నారు. ఎవరికీ ఇంకా కలపలేదు. ఆ రోజు నేను పరిగెత్తుకొచ్చినప్పుడు ఉన్నవాళ్ళే. అందరూ నా వైపే చూస్తున్నారు.

"మేడమ్" అంది ఆ అమ్మాయి. "అందరికీ కలపమంటారా?"

అంకె గుర్తు చేసుకున్నాను. అంకె నాకు ఏమీ చెప్పలేదు. ఆయన నా వైపు చూడలేదు, కావాలనే చూడలేదు. ఆ మంచం నుంచి ఈ మంచం దాకా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాను, పోయినసారి చూడనివి.

"అందరికీ కలపండి" అన్నాను.